గీసినవాడు, కాచినవాడు, అమ్మేవాడు: దుమ్ముగూడెం ఏజెన్సీలో ఆబ్కారీ నియంత్రణ

దుమ్ముగూడెం మండలంలో మత్తు మూడు దారుల్లో దిగుతుంది. తాటిచెట్టు మీంచి లొట్టిలో దిగే కల్లు ఒకటి. పొయ్యి మీది కుండలోంచి బొట్టుబొట్టుగా దిగే ఇప్పసారా రెండోది. ప్రభుత్వ డిపో నుంచి లారీలో వచ్చి దిగే సీసా మూడోది. మూడింటి మీదా అధికారం ఒకే చట్టానిది, 1968 నాటి ఎక్సైజ్ చట్టానిది. న్యాయం మాత్రం మూడు తీర్లుగా ఉంది. కల్లు గీసినవాడు లైసెన్సు ఉంటే తానే అమ్ముకోవచ్చు. ఇప్పసారా కాచినవాడికి అమ్మే దారి లేదు. సీసా నింపిన కంపెనీ తన సరుకును ప్రభుత్వ కార్పొరేషన్‌కే అమ్మాలి, దుకాణదారు ఆ కార్పొరేషన్ దగ్గరే కొనాలి.

తయారుచేసిన వాడికి చిల్లర దుకాణం మీద హక్కు ఉండవచ్చా అన్నది ప్రపంచమంతటా మద్య చట్టాలను వేధించే ప్రశ్న. ద్రాక్షతోటలున్న దేశాల్లో అది వైన్ తీసే రైతు గురించి లేస్తుంది. మన దగ్గర తోట లేదు, తాటివనం ఉంది. రైతు స్థానంలో గీత కార్మికుడు, కోయ గృహస్థు ఉన్నారు. దుమ్ముగూడెం లాంటి చోట ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక తిరుగుబాటు, ఒక ప్రభుత్వ పతనం కూడా ఉన్నాయి.

ప్రాంతం, పాలన

దుమ్ముగూడెం గోదావరి ఎడమగట్టున ఉంది. భద్రాచలం నుంచి చర్ల దారిలో వెళ్తే వస్తుంది. సీతమ్మ నారచీరల ఆనవాళ్లు చూపించే పర్ణశాల ఈ మండలంలోదే. తూర్పున అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. జనాభాలో కోయలు ఎక్కువ. మండలం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింది ప్రాంతం.

ఈ గట్టు ఎన్ని చేతులు మారిందో చెప్పుకోవాలి. ఇక్కడి ఆబ్కారీ కథ అర్థం కావాలంటే అది అవసరం. 1860లో నిజాం నుంచి బ్రిటిషువాళ్లకు దక్కి, సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో భాగంగా సెంట్రల్ ప్రావిన్సెస్ కిందికి వెళ్లింది. గోదావరిని నాగపూరు పత్తికి పడవదారిగా మార్చాలన్న ఆర్థర్ కాటన్ కలలో భాగంగా దుమ్ముగూడెం ఆనకట్ట లేచింది ఆ రోజుల్లోనే. 1871లో ఆ పథకాన్ని ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో భద్రాచలం డివిజన్ తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో పోలవరం ముంపు పేరుతో పొరుగు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, దుమ్ముగూడెం, చర్ల తెలంగాణలో నిలిచాయి. 2016 అక్టోబరు 11 నుంచి ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. పాలన మారినప్పుడల్లా ఆబ్కారీ రూల్సు పుస్తకం మారింది. తాటిచెట్టు మాత్రం అక్కడే ఉంది.

దుమ్ముగూడెం మిషన్‌లో ఉండిన జాన్ కెయిన్ అనే పాదిరి 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల జీవితం గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు రాశాడు. ఈ గట్టు గురించి అచ్చులో దొరికే తొలి విస్తృత వర్ణనల్లో అవి ఒకటి. ఆ తర్వాత 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోదావరి లోయలోని కొండరెడ్లను, కోయలను చూసి రాశాడు. కల్లు ఇక్కడ విలాసం కాదు. కోయ ఇంట్లో కొన్ని నెలలు అది అన్నంలో సగం. పొద్దున్నే సొరకాయ బుర్రతో చెట్టు కిందికి వెళ్లి, తాటాకు దొప్పలో పోసుకుని, పిల్లాపెద్దా తాగి పనికి పోవడం మామూలు. భూమి పండుగకూ, కొత్తల పండుగకూ, పెళ్లికీ, చావుకూ కల్లో సారాయో లేనిదే కార్యం కాదు. పట్నపు ‘మద్యం సమస్య’ భాషతో దీన్ని కొలిస్తే మొదటి అడుగులోనే తప్పుతాం.

చిగురుపన్ను, 1879

మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీని గుత్తకిచ్చేది. పాట పాడినవాడు ఆ ప్రాంతంలో కల్లు, సారాల మీద పెత్తనం కొనుక్కునేవాడు. మైదానంలో నడిచిన ఈ పద్ధతిని కొండల్లోకి ఎక్కించినప్పుడు గొడవ మొదలైంది. రంప కొండల మీద పెత్తనమున్న మన్సబుదారు కొండజనం దగ్గర కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. దాని మీద ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి వాడకానికి కల్లు దించుకోవడం కూడా గుత్తేదారు అనుమతి లేకుండా కుదరదన్నది. కల్లు రాబడి గుత్త మన్సబుదారుకు దక్కింది. అతను దాన్ని కిందనుంచి వచ్చిన వ్యాపారులకు తిరిగి గుత్తకిచ్చాడు. తాతనాటి చెట్టు ఎక్కడానికి ఎవరో ఊరూపేరూ లేని షావుకారుకు డబ్బు కట్టాలి. కట్టకపోతే కేసు, కేసుకు కోర్టు, కోర్టుకు అప్పు, అప్పుకు పశువు.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచింది. జులైలో భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపు పాకింది. అక్కడ ఇంకో మంట కూడా ఉంది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద గొడ్డలికి నాలుగణాలున్న పోడు పన్నును మద్రాసు ప్రభుత్వం మూడింతలు చేసింది. అడవిలో ఆంక్షలు పెట్టింది. అంటే పాలకుడు మారిన అయిదేళ్లకే చెట్టు మీదా నేల మీదా రెండు కొత్త భారాలు పడ్డాయన్నమాట. తమ్మనదొర, చంద్రయ్య, అంబుల్‌రెడ్డి వంటి నాయకుల కింద సాగిన ఈ పోరును అణచడానికి పటాలాలు దిగాయి. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చనిపోయాక కాని వేడి తగ్గలేదు. మన్సబుదారీ పోయింది. మన్సబుదారు కింది పెద్దలైన ముఠాదార్లతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. కొండజనం తమ వాడకానికి కల్లు దించుకోవడం మీద పట్టు సడలించింది.

మద్రాసు ఆబ్కారీ చట్టం ఆ తర్వాత, 1886లో వచ్చింది. తిరుగుబాటు నేర్పిన పాఠం అందులో ఎంత ఉందన్నది చరిత్రకారుల చర్చ. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. 1879లో జనం కొట్లాడింది తాగే హక్కు కోసమని చెప్పడం సగం నిజమే. చెట్టు ఎవరిది, దించిన కల్లు ఎవరిది అన్నదే అసలు తగాదా. అవే కొండల్లో నలభై ఏళ్ల తర్వాత అల్లూరి సీతారామరాజు తాగుడు మానండని, తగవులు పంచాయితీల్లో తీర్చుకోండని తిరిగాడు. జనం ఆయన మాటా విన్నారు. ఈ రెంటిలో వైరుధ్యం కనిపించేది బయటివాళ్లకే.

నది ఈవల పొడి, ఆవల తడి

మద్యనిషేధానికి తెలుగునేలలో పాత వేర్లున్నాయి. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మొదలుపెట్టిన నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. భద్రాచలం అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో, అంటే నిషేధం ఉన్న రాష్ట్రంలో ఉంది. గోదావరి దాటితే పాల్వంచ, బూర్గంపాడు నైజాం ఇలాకా. అక్కడ ఆబ్కారీ ఖజానాకు పెద్ద దిక్కు. ఒకే నది, రెండు గట్లు, రెండు చట్టాలు.

నిషేధంలో మొదట చితికింది గీత కార్మికుడు. చెట్టెక్కడం తప్ప వేరే విద్య తెలియని కులాలకు ప్రత్యామ్నాయం దొరకలేదు. ఆంధ్రరాష్ట్రంలో గౌతు లచ్చన్న గీత కార్మికుల పోరాటానికి ముందు నిలిచారు. నిషేధం పనిచేస్తోందా లేదా తేల్చమని వేసిన ఎస్.వి. రామమూర్తి కమిటీ నివేదిక మీద రేగిన రచ్చలో, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. కల్లు కారణంగా ఒక ప్రభుత్వం పడిపోయిన ఘట్టం తెలుగువాళ్ల రాజకీయాల్లో అదొక్కటే. నిషేధం మాత్రం ఆంధ్ర ప్రాంతంలో 1960ల చివరిదాకా లాగింది. 1968 ఎక్సైజ్ చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే రూల్సు తెచ్చింది.

తర్వాతి కథ పాఠకులకు తెలిసిందే కనుక చుట్టేస్తాను. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారు సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. 1986లో టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతికొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. సీసా తిరిగొచ్చింది, సారా రాలేదు. ఏజెన్సీలో ఇప్పసారా కూడా నాటుసారా ఖాతాలోనే పడిపోయింది. ఇప్పపువ్వుతో కాచినదీ, నల్లబెల్లం, నవసాగరం, ఇంకేవేవో పోసి కాచినదీ రిజిస్టరులో ఒక్కటే.

గీసేవాడిదే చెట్టు

దున్నేవాడిదే భూమి అన్నట్టే, గీసేవాడిదే చెట్టు అన్నది గీత కార్మిక ఉద్యమాల నినాదం. నల్లగొండ నుంచి పార్లమెంటుకు వెళ్లిన బొమ్మగాని ధర్మభిక్షం ఈ ఉద్యమానికి పెద్ద. గుత్తేదారు పాట పాడి, గీసేవాడిని కూలివాడిగా మార్చే పద్ధతి పోవాలన్నదే కోరిక. క్రమంగా రెండు రకాల లైసెన్సులు స్థిరపడ్డాయి. ఒకటి కల్లుగీత సహకార సంఘం. గీసే సభ్యులందరి పేరున ఒక లైసెన్సు, సంఘానికి చెట్లు, సంఘానికే దుకాణం. రెండోది టి.ఎఫ్.టి., ‘చెట్టు గీసేవాడికి’ పథకం. కార్మికుడికి విడిగా చెట్లు కేటాయిస్తారు, తన కల్లు తనే అమ్ముకుంటాడు. చెట్టుకు నంబరు, కార్మికుడికి గుర్తింపు కార్డు.

తయారీదారుకే చిల్లర హక్కు ఇచ్చిన నియమం ఇది. నా అభిప్రాయంలో మన ఎక్సైజ్ పుస్తకం మొత్తంలో తెలివైన పేజీ ఇదే. ఎందుకంటే కల్లు నిలవ ఉండదు. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పారబోయాలి. అలాంటి సరుకు గీసిన చేతికీ తాగే నోటికీ మధ్య ఎంత తక్కువ దూరముంటే అంత మంచిది. దూరం పెరిగినచోట ఏమవుతుందో పట్నాలు చూపించాయి. చెట్లే లేని నగరంలో దుకాణాలకు రోజూ వందల పెట్టెల కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? పొడుల నుంచి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మత్తుమందు కలపడమే దానికి కారణమని తేలింది. సహకార సంఘమన్న బోర్డు ఉన్నంత మాత్రాన దుకాణం గీసేవాళ్లదైపోదు. సంఘం పేరు మీద లైసెన్సు, గల్లాపెట్టె మీద గుత్తేదారు అన్న పాత రోగం ఇంకా ఉంది.

హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలను తెలంగాణ వచ్చాక 2014లో తెరిచారు. చెట్లపన్ను రద్దు చేశారు. 2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. పులియని తాటినీరు, ఈతనీరు అక్కడ గ్లాసుల్లో అమ్ముతారు. పట్నవాసులకు అది కొత్త రుచి కావచ్చు. దుమ్ముగూడెంలో అది పొద్దుటి పని.

ఏజెన్సీలో ఇంకో తిరకాసు ఉంది. చట్టం ఊహించుకున్న గీత కార్మికుడు మోకు, ముత్తాదు, గీతకత్తి పట్టుకున్న గౌడ కులస్థుడు. కోయ ఊళ్లో మాత్రం కోయలే చెట్టెక్కుతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. అది కులవృత్తి కాదు, కాపురంలో ఒక భాగం. అమ్మితే లైసెన్సు కావాలంటే అర్థముంది. చుట్టాలకు పోయడానికి, ఊరి పండుగకు తేవడానికి లైసెన్సు అడిగితే 1879 గుత్తేదారుకూ ఇవాళ్టి సిబ్బందికీ తేడా కనిపించదు.

ఇప్పపువ్వు: ఒకే చట్టంలో రెండు ముఖాలు

ఎండాకాలం మొదట్లో, మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే రాలడం మొదలవుతుంది. చెట్టు కింద ఆకులూ తుక్కూ ఊడ్చి శుభ్రం చేసి, చీకట్లోనే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో ఏరుకుంటారు. పచ్చిగా తింటారు, ఉడికించి తింటారు. ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుని ఏడాది నిలవ ఉంటుంది. కొంత సంతలో అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది.  మిగిలింది నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి పులియబెడతారు. ఆపైన కుండ మీద కుండ పెట్టి, పైన చల్లనీళ్లు మారుస్తూ సారా దించుతారు. మంట తగ్గకూడదు, పెరగకూడదు. పెద్దవాళ్లు మొదట దిగినదాన్ని దేవుడికి వేరుగా తీస్తారు.

ఇప్పుడు చట్టం చూడండి. షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ కోసం 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం, సెక్షన్ 4(ఎం). షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ కొన్ని అధికారాలు ఇవ్వాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ జాబితాలో మొదటిది మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం. రెండోది చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం. ఆ తర్వాత భూమి అన్యాక్రాంతాన్ని ఆపడం, ఊరి సంతల నిర్వహణ, వడ్డీవ్యాపారం మీద అదుపు. 2006 అటవీహక్కుల చట్టం కూడా ఏరిన ఫలసాయాన్ని వాడుకునే, అమ్ముకునే హక్కు ఏరినవాడికే ఇచ్చింది. అంటే చెట్టు కింద ఉన్నంతసేపు ఇప్పపువ్వు కోయ ఆడమనిషి సొంత ఆస్తి. సంతకు తెస్తే సంత మీద ఆమె ఊరికే అధికారం. అదే పువ్వు కుండలో పులిసి, గొట్టంలోంచి దిగితే ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద కేసు. ఒకే పువ్వు రాత్రికి రాత్రి హక్కు నుంచి నేరంగా మారిపోతుంది.

సమైక్య రాష్ట్రం 1998లో పెసాకు తగ్గట్టు పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. నియమాలు రావడానికి మాత్రం 2011 మార్చి దాకా పట్టింది. పదమూడేళ్ల ఆ ఆలస్యాన్ని గురించి వేరే వ్యాఖ్య అక్కర్లేదు. అంతకు ముందే, 1975లో, గిరిజన ప్రాంతాల ఆబ్కారీ విధానం మీద కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. గిరిజన ప్రాంతాల్లో బయటి మద్యం వ్యాపారం నిలిపేయాలి, గిరిజనులు తమ వాడకానికి సంప్రదాయ పానీయం చేసుకోవడానికి ఒప్పుకోవాలి అన్నది దాని సారాంశం. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి దుమ్ముగూడెం రోడ్డు మీద నిలబడితే సరిగ్గా తలకిందులైన దృశ్యం కనిపిస్తుంది. బయటి సీసాకు లైసెన్సు, ఇంటి కుండకు కేసు.

పువ్వు మీదే ఆంక్ష పెట్టిన సందర్భమూ మన దేశంలో ఉంది. బొంబాయి ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వు చట్టం చేసి, కొలాబా, ఠాణా ప్రాంతాల్లో పువ్వు ఏరడాన్ని, నిలవ ఉంచడాన్నే కట్టడి చేసింది. కరువులో అది అన్నమన్న సంగతి అధికారులకు తెలియక కాదు. గుత్తసారా అమ్ముడుపోవాలంటే ఇంటి సారా ఆగాలి, అంతే.

ఆరోగ్యం మాట పక్కనపెట్టలేం. సారా ఎక్కువైన ఇంట్లో ఆడవాళ్ల బతుకు ఎట్లా ఉంటుందో ఏజెన్సీలోనూ అట్లాగే ఉంటుంది. ఇప్ప పేరు చెప్పి బెల్లం, నవసాగరంతో కాచే సారా మనుషుల్ని చంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం గుడుంబా కాచేవాళ్లకు వృత్తి మార్చుకోమని రెండేసి లక్షల సాయం పథకం తెచ్చింది. తరచూ పట్టుబడేవాళ్ల మీద పీడీ యాక్టు పెట్టింది. ఆ చట్టం 1986 నాటిది, దాని పేరులో మొట్టమొదట కనిపించేది దొంగసారా వ్యాపారే. మైదానపు గుడుంబాకు ఇవి సరిపోవచ్చు. పండుగకు రెండు సీసాల ఇప్పసారా దించిన ముసలమ్మకు ఏది వర్తించాలన్నది ఏ పథకంలోనూ రాయలేదు.

సీసా దుకాణం: యజమాని ఎవరు?

చిల్లర మద్యం దుకాణాన్ని శాఖ భాషలో ఏ4 అంటారు. 2012 నుంచి వేలంపాట పోయి లాటరీ వచ్చింది. దరఖాస్తు రుసుము కట్టి చీటీ వేయాలి, రాకపోతే ఆ డబ్బు ప్రభుత్వానికే. 2021–23 విధానంలో తెలంగాణ మొత్తం 2,620 దుకాణాల్లో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. కల్లుగీసే కులానికి సీసా దుకాణంలో వాటా ఇవ్వడం వెనక ఒక పాత న్యాయం ఉంది. సీసా వచ్చి కల్లు గిరాకీ తినేసింది కాబట్టి నష్టపోయినవాడికి కొత్త వ్యాపారంలో చోటివ్వాలి. ఆంధ్రప్రదేశ్ కూడా 2019 నుంచి నడిపిన సర్కారు దుకాణాలు మూసి, 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ తీసింది. ఆ తర్వాత గీత కులాలకు వేరుగా పదిశాతం దుకాణాలు ఇచ్చింది.

ఏజెన్సీలో దుకాణాలు గిరిజనులకే అన్న నియమం ఇక్కడ అసలు ముడి. కాగితం మీద చూస్తే ఇదే యాజమాన్య న్యాయానికి పరాకాష్ఠ. లెక్క చూడండి. 2025–27కు దరఖాస్తు రుసుమే 3 లక్షలు. రాష్ట్రమంతటా 95 వేలకు పైగా దరఖాస్తులు, ఖజానాకు రెండు వేల ఎనిమిది వందల కోట్లకు పైగా వచ్చాయి. ఒక్క సీసా అమ్ముడుపోకముందే. అయిదువేల లోపు జనాభా ఉన్న ఊళ్లో దుకాణానికి ఏటా కట్టాల్సిన ఎక్సైజ్ పన్ను 50 లక్షలు. రెండెకరాల పోడు, నాలుగు ఇప్పచెట్లు ఉన్న కోయ కుటుంబం దీన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? తేదు. పేరు ఇస్తుంది. పెట్టుబడి, సరుకు, గల్లా, లాభం అన్నీ వెనకున్న గిరిజనేతరుడివి. ఏజెన్సీలో ప్రతి లాటరీ తర్వాతా వినిపించే బినామీ ఆరోపణలకు మూలం ఈ లెక్కలోనే ఉంది. ఇక దుకాణం నుంచి కిరాణాకొట్లకు, అక్కడి నుంచి గూడేలకు పారే బెల్టు షాపులకు లైసెన్సూ లేదు, రిజర్వేషనూ లేదు.

భూమి విషయంలో ఈ మాయను చట్టం ముందే పసిగట్టింది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి మారడాన్ని అడ్డుకుంది. బినామీని పట్టుకోవడానికి వెతికే చూపు దానికి ఉంది. మద్యం లైసెన్సుకు అలాంటి చూపు లేదు. దరఖాస్తుదారు కులధ్రువపత్రం చూస్తారు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో చూడరు.

పొరుగున, దూరాన

దుమ్ముగూడెం నుంచి అడవిదారిన సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడ షెడ్యూలు తెగలవాళ్లు ఇంటి వాడకానికి పరిమితి లోపల ఇప్పసారా చేసుకోవచ్చు. అదే కోయ కుటుంబంలో అన్న అటుపక్క, తమ్ముడు ఇటుపక్క ఉంటే ఇద్దరికీ చట్టం వేరు. మధ్యప్రదేశ్ ఇంకో అడుగేసింది. ఇప్పసారాకు ‘వారసత్వ మద్యం’ అని పేరుపెట్టి, గిరిజన స్వయంసహాయక సంఘాలే తయారుచేసి సీసాలో అమ్మేలా 2022 ప్రాంతంలో విధానం తెచ్చింది. అలీరాజ్‌పూర్‌లోనూ, దిండోరిలోనూ వాళ్లు తయారీ కేంద్రాలు పెట్టారు. గోవా తన జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. తమిళనాడు మాత్రం 1987 నుంచి కల్లునే నిషేధించి, సీసాను సర్కారు దుకాణంలో తానే అమ్ముతోంది. గీత కార్మికుడికి ఇంతకంటే పెద్ద వెక్కిరింపు ఉండదు.

అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిశాక రాష్ట్రాలు తయారీ, టోకు, చిల్లర అని మూడు మెట్లు కట్టాయి. పై మెట్టువాడు కింది మెట్టును కొనకూడదన్నారు. ఇంగ్లండులో బీరు కంపెనీలు పబ్బుల్ని తమ చేతిలో పెట్టుకుని ఏం చేశాయో చూసినవాళ్ల జాగ్రత్త అది. ఇంగ్లండే ఆ పట్టును 1989లో, రెండు వేలకు మించి పబ్బులున్న కంపెనీల మీద ఆంక్షతో, సడలించింది. కానీ కాలిఫోర్నియా తన ద్రాక్ష రైతుకు మినహాయింపు ఇచ్చింది. తోట దగ్గరే వైన్ పోసి అమ్ముకోవచ్చు, కొన్ని షరతులతో చిల్లర వ్యాపారంలోనూ వాటా ఉంచుకోవచ్చు. మూడుమెట్ల నియమం ఉద్దేశం పెద్ద కంపెనీ చిన్న దుకాణాన్ని మింగకుండా చూడటం. చిన్న తయారీదారు తన సరుకు తానే అమ్ముకోకుండా ఆపడం కాదు. ఈ తేడా మన ఎక్సైజ్ పుస్తకం కల్లు విషయంలో గుర్తించింది. ఇప్ప విషయంలో గుర్తించలేదు.

మహారాష్ట్ర 2001లో వైన్ విధానం తెచ్చి నాసిక్ ద్రాక్షరైతుకు దారి వేసింది. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మవచ్చని కూడా నిర్ణయించి, వ్యతిరేకత వచ్చేసరికి ఆగింది. ద్రాక్షకు వ్యవసాయం పేరుతో దక్కిన మర్యాద ఇప్పపువ్వుకు అటవీ ఫలసాయం పేరుతో ఎందుకు దక్కదో ఎవరూ వివరించలేదు. ఇప్పపువ్వు లడ్డూలు ఉట్నూరు ఆడవాళ్ల చేతిలో పేరు తెచ్చుకున్నాయి. మంచిదే. కానీ సారా ప్రశ్నకు లడ్డూ జవాబు కాదు.

దుమ్ముగూడేనికి కావలసిన మార్పు కొత్త చట్టం కాదు. ఉన్న పెసా చట్టంలోని మొదటి, రెండో అధికారాలను కలిపి చదవడమే. ఊళ్లో సీసా దుకాణం ఉండాలా వద్దా అన్నది గ్రామసభ చెప్పాలి. ఇంటి వాడకానికి ఎంత ఇప్పసారా కాచుకోవచ్చో అదే గ్రామసభ హద్దు గీయాలి. వద్దనుకున్న ఊరు వద్దనగలగాలి, ఆడవాళ్ల మాట ఆ సభలో నెగ్గగలగాలి. అమ్మదలచినవాళ్లకు కల్లుగీత సంఘం నమూనాలో సహకార లైసెన్సు ఇవ్వవచ్చు. ఆ లైసెన్సులో డబ్బు పెట్టినవాడి పేరు, చెట్టు ఉన్నవాడి పేరు ఒకటై ఉండాలి.

తెలంగాణలో ప్రస్తుత ఏ4 లైసెన్సుల గడువు 2025 డిసెంబరు 1న మొదలైంది, 2027 నవంబరు 30న ముగుస్తుంది. తర్వాతి లాటరీకి ముందు తీర్మానం చేయదలచిన గ్రామసభలకు ఉన్న వ్యవధి అదే.